పాత డౌన్ స్లీపింగ్ బ్యాగ్: పారేసే ముందు తూచి చూడాలి, ఉతికి చూడాలి

హిమాలయాల్లో శీతకాలపు పాదయాత్రకు వెళ్లేవారిని పగలు నడకే వెచ్చగా ఉంచుతుంది. రాత్రి గుడారంలో ఆ పని చేయవలసింది స్లీపింగ్ బ్యాగ్. లేహ్‌లో జనవరి రాత్రులు తరచూ మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందకు దిగుతాయి. అంతకంటే ఎత్తైన శిబిరాల్లో చలి మరింత తీవ్రంగా ఉంటుంది. శరీర అంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది హైపోథెర్మియా. వణుకుతో మొదలై, మాట తడబడి, ఆలోచన మందగించి, సకాలంలో సాయం అందకపోతే ప్రాణం మీదకు తెచ్చే స్థితి అది.

ఇలాంటి చోట వాడే సంచుల్లో బాతు, హంస జాతి పక్షుల నూగుతో నింపిన ‘డౌన్’ సంచులు బరువుకు తగ్గ వెచ్చదనంలో ముందుంటాయి. వాటి ధర కూడా ఎక్కువే. అందుకే చాలామంది ఒకసారి కొన్న సంచిని ఏళ్ల తరబడి దాచుకుంటారు. కొందరు మిత్రుల దగ్గర పాతది తీసుకుంటారు. లేహ్, మనాలి, కాఠ్మాండూలోని థమేల్ వంటి చోట్ల అద్దెకు దొరికేవీ ఎందరో వాడినవే.

పాత సంచి విషయంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. చదునుబడిన సంచి ఇక పనికిరాదని పారేయడం ఒకటి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత అంకెను ఇప్పటికీ నమ్మి మంచులోకి తీసుకువెళ్లడం రెండవది. మొదటిది డబ్బు నష్టం, రెండవది ప్రాణాపాయం. సంచి అసలు పరిస్థితి ఏమిటో ఇంట్లోనే తెలుసుకోగలిగితే రెండింటినీ తప్పించుకోవచ్చు.

నూగు ఎలా వెచ్చబరుస్తుంది?

‘నూగు మీసాలు’ అన్నప్పుడు వినిపించే నూగే ఇక్కడి నూగు. నీటి పక్షుల పైఈకల కింద, చర్మానికి ఆనుకుని పెరిగే మెత్తని పొర అది. ఈకకు ఉన్నట్లు దీనికి గట్టి కాడ ఉండదు. ఒక కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ వ్యాపించే సన్నని పోగుల గుత్తిలా ఉంటుంది. ఆ పోగుల మధ్య గాలి కదలకుండా నిలిచిపోతుంది. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది కనుక శరీరపు వేడి బయటికి పోదు. అంటే వెచ్చదనాన్ని కాపాడేది నూగు పట్టి ఉంచిన గాలి. సంచి ఎంత పొంగితే అంత గాలి, ఎంత గాలి ఉంటే అంత వెచ్చదనం.

ఈ గుణం పర్వతారోహకుల దృష్టికి వచ్చి శతాబ్దం దాటింది. 1922లో ఎవరెస్ట్‌పైకి వెళ్లిన బ్రిటిష్ బృందంలోని జార్జ్ ఫించ్, బెలూన్లకు వాడే గుడ్డలో ఐడర్ బాతు నూగును నింపి కుట్టించిన కోటు ధరించారు.

నూగు నాణ్యతను ‘ఫిల్ పవర్’ అనే అంకెతో చెబుతారు. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతుందో ఆ అంకె తెలుపుతుంది. 550 ఫిల్ పవర్ గల నూగు ఔన్సుకు సుమారు 9 లీటర్ల చోటును నింపితే, 800 ఫిల్ పవర్ గలది సుమారు 13 లీటర్లు నింపుతుంది. ఒకే వెచ్చదనానికి రెండవది తక్కువ బరువుతో సరిపోతుంది.

ఎందుకు చదునుబడుతుంది?

నూలు పరుపు అణిగిపోతే దూది ఏకించి మళ్లీ నింపించడం తెలుగు ఇళ్లలో తెలిసిన పద్ధతే. నూగు సంచికి ఆ పద్ధతి వర్తించదు. ఏకితే సున్నితమైన పోగులు తెగిపోతాయి. నూగు అణగడానికి కారణాలు కూడా వేరు.

మొదటి కారణం మురికి. చర్మపు జిడ్డు, చెమట, తలనూనె, పొగ, శరీరానికి రాసుకున్న లేపనాలు నెమ్మదిగా లోపలి గుడ్డను దాటి నూగును చేరతాయి. జిడ్డు పట్టిన పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. మెడ, భుజాలు, పాదాలు తగిలే చోట్ల ఇది ముందుగా కనిపిస్తుంది.

రెండవది తేమ. నిద్రలో శరీరం నుంచి వెలువడే ఆవిరిలో కొంత సంచిలోనే నిలిచిపోతుంది. వారం రోజుల యాత్రలో ఒక్కసారైనా ఎండకు ఆరబెట్టకపోతే సంచి రోజురోజుకూ పలచబడుతుంది. తడి నూగు దాదాపు పొంగదు.

మూడవది ఒత్తిడి. ప్రయాణానికి ఉద్దేశించిన చిన్న ఒరలో నెలల తరబడి కుక్కి ఉంచితే పోగులు వంగి, విరిగి, మునుపటి ఆకారానికి రాలేని స్థితికి చేరతాయి. నాలుగవది నష్టం. చిన్న రంధ్రాల నుంచి, వదులైన కుట్ల నుంచి నూగు బయటికి పోతుంది.

మొదటి రెండు కారణాలు ఉతికి ఆరబెడితే తొలగుతాయి. నాలుగవదానికి మాసిక వేయాలి, అవసరమైతే కొత్త నూగు నింపాలి. మూడవది ముదిరితే విరుగుడు లేదు. కనుక సూది, దారం పట్టుకునే ముందు కారణం ఏదో తేల్చుకోవాలి.

ముందు పరీక్ష: ఒక స్కేలు, ఒక కాటా

సంచిని ఒర నుంచి తీసి, జిప్ మూసి, నాలుగైదు సార్లు మెల్లగా దులిపి, పొడి గదిలో చదునైన నేలపై ఒక రోజు వదిలేయాలి. ఆ తరువాత ఛాతీ, నడుము, పాదాలు ఉండే చోట్ల నేల నుంచి పైభాగం ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలిచి రాసుకోవాలి. పిదప సంచిని ఒర లేకుండా తూచాలి. తయారీదారు చెప్పిన మొత్తం బరువు లేబుల్‌పై ఉంటే దానితో పోల్చాలి.

బరువు తగ్గకుండా, లేదా కొద్దిగా పెరిగి, ఎత్తు మాత్రం పడిపోతే సాధారణంగా దోషం మురికిది లేదా తేమది. బరువే స్పష్టంగా తగ్గితే నూగు బయటికి పోయినట్లు. లేబుల్ చెరిగిపోయి పాత బరువు తెలియకపోతే దీపం సాయపడుతుంది. చీకటి గదిలో సంచి పొరను దీపానికి అడ్డంగా పట్టుకుంటే లేతరంగు గుడ్డలో ఖాళీ అరలు, ఉండలు విడివిడిగా కనిపిస్తాయి.

వేళ్లతో నలిపితే ఉండలు విడిపోయి మళ్లీ పొంగుతుంటే సంచికి ఇంకా ఆయుష్షు ఉంది. రంధ్రం నుంచి తీసి చూసిన నూగు పొడిపొడిగా రాలిపోతుంటే ఆ నూగు పని అయిపోయినట్లే.

ఉతకడం: తొందర పనికిరాదు

చదునుబడిన సంచికి తొలి చికిత్స ఉతకడమే. దీనికి డౌన్ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ద్రవ సబ్బు వాడాలి. మామూలు బట్టల పొడి నూగుకు సహజంగా ఉండే కొద్దిపాటి నూనెను కూడా లాగివేసి పోగులను పెళుసుబారేలా చేస్తుంది. బ్లీచింగ్, బట్టలను మెత్తబరిచే ద్రావణాలు వాడకూడదు. తయారీదారు సూచించనిదే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకపోవడం మంచిది.

ఉతకడానికి ముందే చిరుగులకు తాత్కాలికంగానైనా అతుకు వేయాలి. లేకపోతే నూగు నీటిలో కలిసిపోతుంది. జిప్‌లన్నీ మూయాలి. యంత్రంలో వేయాలనుకుంటే పెద్ద ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో, సున్నిత ఉతుకు అమరికపై మాత్రమే వేయాలి. మధ్యలో తిరిగే స్తంభం ఉన్న టాప్ లోడ్ యంత్రం లోపలి కుట్లను చింపేస్తుంది.

చేతితో ఉతకడం సురక్షితమైన మార్గం. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీరు, సబ్బు కలిపి, సంచిని అందులో అణచి గాలిని బయటికి పంపాలి. గంట నానిన తరువాత అరచేతులతో, పిండి కలిపినంత మెల్లగా, తల నుంచి పాదాల వరకు నొక్కుతూ పోవాలి. రుద్దడం, పిండడం, బండకు కొట్టడం కూడదు. నురుగు పూర్తిగా పోయేవరకు నీరు మారుస్తూ జాడించాలి. ఇందుకు నాలుగైదు సార్లు పట్టవచ్చు. మిగిలిపోయిన సబ్బు కూడా నూగును ఉండకట్టిస్తుంది.

తడిసిన సంచిని ఒక కొస పట్టుకుని ఎత్తకూడదు. లోపలి అరలను వేరుచేసే పలుచని వలగుడ్డ గోడలు తడి నూగు బరువుకు చిరిగిపోతాయి. అవి బయటికి కనిపించవు, బాగుచేయడం కష్టం. నీటిని తొట్టిలోనే నొక్కి వదిలించి, రెండు చేతులూ కిందుగా పెట్టి, బిడ్డను ఎత్తినట్లు మొత్తంగా ఎత్తాలి.

ఆరబెట్టడం ఉతకడం కంటే పెద్ద పని

డ్రైయర్ అందుబాటులో ఉంటే తక్కువ వేడిపై, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులతో కలిపి తిప్పాలి. బంతులు తగిలి ఉండలు విడిపోతాయి. ఇందుకు కొన్ని గంటలు పడుతుంది. మధ్యమధ్య ఆపి చూడాలి. వేడి ఎక్కువైతే నైలాన్ గుడ్డ కరిగే ప్రమాదం ఉంది.

డ్రైయర్ లేని ఇళ్లలో నీడపట్టున, గాలి ఆడే చోట, మంచం మీదో నులక అల్లిన చట్రం మీదో పరచి ఆరబెట్టవచ్చు. రోజుకు రెండు మూడు సార్లు తిరగవేస్తూ, చేతికి తగిలిన ఉండలను వేళ్లతో విడదీస్తూ ఉండాలి. ఇలా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే వానకాలంలో ఈ పని పెట్టుకోకూడదు. తీరప్రాంతంలో గాలి తేమ తగ్గిన రోజులు చూసుకోవాలి. బయటి గుడ్డ ఆరిపోయినా లోపల తడి మిగిలి ఉంటుంది. సగం ఆరిన నూగుకు ముక్కవాసన పట్టి, బూజు చేరుతుంది. ఏ అరలోనూ ఉండ తగలకుండా, వాసన లేకుండా ఉన్నప్పుడే ఆరినట్లు లెక్క.

ఆరిన తరువాత మళ్లీ స్కేలుతో కొలిచి పాత కొలతతో పోల్చాలి. మురికి వల్ల అణిగిన సంచి అయితే తేడా ఇక్కడే తెలుస్తుంది. ఎత్తు తగినంత పెరిగితే కొత్త నూగుతో పనే లేదు.

చిరుగులు, ఈకలు, జిప్

బయటి గుడ్డను పొడుచుకుని ఒక ఈక కనిపిస్తే లాగేయాలనిపిస్తుంది. అలా లాగితే రంధ్రం పెద్దదై దాని వెనుక మరిన్ని వస్తాయి. లోపలి వైపు నుంచి ఆ ఈకను పట్టుకుని వెనక్కి లాగి, గుడ్డను వేలితో మెల్లగా రుద్దితే పోగులు దగ్గరపడి రంధ్రం మూసుకుంటుంది.

చిన్న చిరుగుకు నైలాన్ గుడ్డకు అంటుకునే రిపేర్ టేప్ సరిపోతుంది. చిరుగు చుట్టూ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. టేపును చిరుగు కంటే అన్ని వైపులా కనీసం ఒక సెంటీమీటరు పెద్దదిగా, మూలలు గుండ్రంగా ఉండేలా కత్తిరించాలి. చదరపు మూలలు త్వరగా లేచిపోతాయి. పెద్ద చిరుగుకు అదే రకపు పలుచని నైలాన్ ముక్కతో మాసిక వేయించాలి. సన్నని సూది, పాలిస్టర్ దారం వాడాలి. సూది వేసిన ప్రతి రంధ్రమూ నూగు బయటికి వచ్చే దారే కనుక అనవసరపు కుట్లు వేయకూడదు.

జిప్ మూసుకున్నట్లే మూసుకుని వెనుక విచ్చుకుంటుంటే దోషం సాధారణంగా పళ్లది కాదు, అరిగిన రన్నర్‌ది. సన్నని పటకారుతో రన్నర్ రెండు అంచులను కొద్దికొద్దిగా నొక్కితే కొంతకాలం పనిచేస్తుంది. రన్నర్ వెనుక ఉండే సంఖ్య చూసి అదే కొలతది మార్పించడం శాశ్వత పరిష్కారం. సంచులు, బ్యాగులు కుట్టే దుకాణాల్లో ఈ పని తక్కువ ఖర్చుతో అవుతుంది. మొత్తం జిప్ మార్చవలసిన అవసరం అరుదు.

కొత్త నూగు నింపడం: లెక్కతో చేయాలి

ఉతికిన తరువాత కూడా కొన్ని అరలు ఖాళీగా ఉంటే ముందు ఖర్చులేని ఉపాయం చూడాలి. కొన్ని సంచుల్లో అరలు పైనుంచి కింది వరకు చుట్టూ ఒకటిగా సాగుతాయి. అలాంటి సంచిని పరచి అరచేతితో తట్టుతూ కింది వైపు నూగును పైవైపుకు జరపవచ్చు. పడుకున్నవారి బరువుకు కింది నూగు ఎలాగూ అణిగిపోతుంది; నేల చలిని ఆపేది కింద వేసే చాప. కాబట్టి వెచ్చదనం కావలసింది పైభాగంలోనే. కొత్త నూగు నింపవలసివచ్చినా పైఅరలకే ముందు వంతు.

ఎంత నింపాలో అరను కొలిచి లెక్కించవచ్చు. ఉదాహరణకు ఒక అర 60 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే దాని పరిమాణం 5,400 ఘనపు సెంటీమీటర్లు. 800 ఫిల్ పవర్ నూగు ఒక గ్రాము సుమారు 460 ఘనపు సెంటీమీటర్లు నింపుతుంది. అంటే పూర్తిగా ఖాళీ అయిన అరకు దాదాపు 12 గ్రాములు చాలు. తేమకు, వాడకానికి అణిగేదాన్ని దృష్టిలో పెట్టుకుని ఐదో వంతు అదనంగా వేస్తే 14 గ్రాములు. అదే అరకు 550 ఫిల్ పవర్ నూగైతే అదనంతో కలిపి దాదాపు 20 గ్రాములు పడుతుంది. సగం ఖాళీ అయిన అరకు ఇందులో సగమే వేయాలి. ఎక్కువ కుక్కితే పోగులు విచ్చుకునే చోటు లేక బరువు పెరుగుతుందే తప్ప ఆ మేరకు వెచ్చదనం పెరగదు.

ఈ పనికి ఫ్యాన్ ఆపి, తలుపులు మూసిన చిన్న గది కావాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. లోపలి గుడ్డ వైపు, జిప్‌కు దగ్గరగా, అర చివర కుట్టును నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే విప్పాలి. గ్రాముల లెక్క చూపే వంటింటి డిజిటల్ కాటాపై నూగును ప్లాస్టిక్ సంచితో సహా తూచి, ఆ సంచి మూతిని విప్పిన సందులోకి దూర్చి, నెమ్మదిగా లోపలికి తోయాలి. చేతులు కొద్దిగా తడిగా ఉంటే నూగు ఎగరదు. ఒక అర నింపి, బట్టల క్లిప్పుతో సందును మూసి, తరువాతి అరకు వెళ్లాలి. అన్నీ నింపి ఒక పూట ఆరనిచ్చి, పొంగు సమంగా ఉందో లేదో చూసిన తరువాతే కుట్టాలి.

నూగు ఎక్కడ దొరుకుతుందన్నది తరువాతి ప్రశ్న. గుడ్డ చివికిపోయినా నూగు బాగున్న పాత డౌన్ జాకెట్ మంచి వనరు. దిండ్లలో చాలావాటికి నూగుతో పాటు కాడ ఉన్న ఈకలు కలుపుతారు కనుక లేబుల్ చూసుకోవాలి. కోళ్ల దుకాణాల్లో దొరికే ఈకలు ఇందుకు పనికిరావు. కోడికి నీటి పక్షులకు ఉన్నంత నూగు ఉండదు. పైగా శుద్ధి చేయని ఈకలతో దుర్వాసన, క్రిములు వస్తాయి. కొత్త నూగు కొనేవారు పక్షుల సంక్షేమాన్ని పరిశీలించే ‘రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్’ గుర్తింపును చూడవచ్చు. 2014లో ఈ ప్రమాణం అమలులోకి వచ్చింది.

పాలిస్టర్ పోగులతో నింపిన సింథటిక్ సంచులకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాటిలోని పొర ఒకసారి అణిగితే విడదీసి నింపే వీలుండదు.

పదకొండు నెలల ఉక్కపోత

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారి సంచి ఏడాదిలో పది పదిహేను రోజులు మంచులో ఉంటుంది. మిగతా కాలమంతా విశాఖపట్నం తేమలోనో, విజయవాడ ఉక్కలోనో, హైదరాబాద్ అటక మీదో గడుపుతుంది. దాని ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేది ఈ రెండవ భాగమే.

యాత్ర నుంచి రాగానే సంచిని ఒర నుంచి తీసి రెండు రోజులు గాలికి ఆరబెట్టాలి. ఆ తరువాత చిన్న ఒరలోకి తిరిగి వెళ్లకూడదు. వదులైన పెద్ద నూలు సంచిలో ఉంచాలి. పాత నూలు దుప్పటిని మడిచి మూడు వైపులా కుట్టిస్తే చాలు. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది. బీరువాలో వేలాడదీయడం, మంచం కింద వదులుగా పరచడం మంచి పద్ధతులు. పైకప్పు కింద కాగే అటక, గోడ చెమర్చే మూల, ఎలుకలు తిరిగే సామాన్ల గది పనికిరావు.

ఉన్నిని తినే పురుగులు ఈకలను కూడా తింటాయి. చెమట, జిడ్డు మరకలు వాటిని మరింత ఆకర్షిస్తాయి కనుక శుభ్రంగా ఉంచడమే ముఖ్యమైన రక్షణ. కలరా ఉండల వాసన నూగుకు పట్టుకుంటే త్వరగా వదలదు. రెండు మూడు నెలలకోసారి, ముఖ్యంగా వానలు తగ్గాక, సంచిని బయటికి తీసి దులిపి ఒక పూట నీడలో గాలి తగలనిస్తే బూజును, పురుగును తొలిదశలోనే గుర్తించవచ్చు.

వాడేటప్పుడు లోపల పట్టు లేదా నూలు లైనర్ వేసుకుంటే జిడ్డంతా దానికే అంటుతుంది. లైనర్‌ను ఉతకడం సులభం, సంచిని ఉతికే అవసరం ఏళ్లకోసారి మాత్రమే వస్తుంది.

లేబుల్‌పై అంకె ఎవరిది?

స్లీపింగ్ బ్యాగ్‌లపై ముద్రించే ఉష్ణోగ్రతలకు ప్రస్తుతం ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వేడి పుట్టించే బొమ్మ మనిషిని సంచిలో ఉంచి ప్రయోగశాలలో కొలుస్తారు. ‘కంఫర్ట్’ అన్నది హాయిగా నిద్రించగల ఉష్ణోగ్రత. ‘లిమిట్’ అన్నది ముడుచుకుని పడుకుని ఎలాగో నెట్టుకురాగల హద్దు. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలుపుకునే అంచు మాత్రమే. యాత్రకు ఆ అంకెను ఆధారంగా తీసుకోకూడదు. ఇవన్నీ కొత్త సంచికి, కింద చాప ఉన్నప్పుడు, ఒంటిపై తగిన దుస్తులతో తీసిన కొలతలు. పదేళ్లు వాడిన సంచికి, ఇంట్లో నూగు నింపిన సంచికి ఆ అంకెలు హామీ ఇవ్వవు.

వేలితో లాగితే చిరిగిపోయే గుడ్డ, లోపల పొరలుగా రాలే పూత, పొడిగా మారిన నూగు కనిపిస్తే ఆ సంచిపై ఖర్చు పెట్టడం దండగ. మిగిలిన మంచి నూగును తీసి మరో సంచికి వాడుకోవచ్చు.

బాగుచేసిన సంచిని తొలిసారిగా ఎత్తైన శిబిరంలో పరీక్షించడం ప్రమాదకరం. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, అరకు వంటి చోట్ల ఒక రాత్రి ఆరుబయట గుడారంలో పడుకుని చూడవచ్చు. అక్కడ చలి తగిలితే వాహనం, ఇల్లు, వేడి టీ దగ్గరలోనే ఉంటాయి. ఏ అర దగ్గర చలి తగిలిందో గుర్తు పెట్టుకుని వస్తే, మళ్లీ కుట్టు విప్పవలసిన చోటు అదే.